అక్కకి మడత ఫోనా?

రాజమండ్రిలో మొబైల్ రిపేరు కొట్టు నడిపే మావయ్యకీ, హైదరాబాదులో బట్టల డిజైనింగ్ చేసే మేనకోడలికీ నడిచిన వాదం ఇది. కొనాలా వద్దా అన్న వస్తువు శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫ్లిప్7. ఎవరికోసం కొంటున్నారో ఆ మనిషి కోనసీమలో, ముమ్మిడివరం దగ్గర ఉంటుంది. ఇతనికి అక్క, ఈ అమ్మాయికి అమ్మ. నా ఫోను చార్జింగ్ పిన్ను మార్చేదాకా నేనూ అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. అందుకే మధ్యలో నా మాటలు కూడా కొన్ని దొర్లాయి.

మేనకోడలు: అమ్మ ఫోను అద్దం పగిలి ఏడాది కావస్తోంది మావయ్యా. ఆ పగుళ్ల మీద సెల్లో టేపు అంటించి వాడుతోంది. ఈసారి మంచిది కొందామని.

మావయ్య: పగిలినదాని ధరెంత?

మేనకోడలు: పదమూడు వేలు.

మావయ్య: పదమూడు వేల ఫోను పగలగొట్టిన మనిషికి ఇప్పుడు లక్షా పదివేలది కొంటావు. బాగానే ఉంది లెక్క.

మేనకోడలు: ఎందుకు పగిలిందో కూడా అడుగు. చీరకి జేబు లేదు. జాకెట్టులో పెడదామంటే సగం బయటికి వస్తుంది, బొడ్డులో దోపితే వంగినప్పుడల్లా జారుతుంది. పొద్దున్నుంచీ చేత్తోనే పట్టుకు తిరగాలి, గిన్నె దించేటప్పుడు ఎక్కడో అక్కడ పెట్టాలి. పెట్టింది, పడింది. తప్పు అమ్మ చేతిదంటావు నువ్వు, కొలతదంటాను నేను. మగవాళ్ల ప్యాంటు జేబు కొలత తీసి ఫోన్లు చేసినట్టున్నారు, ఆ జేబులో కూడా పట్టనంత పెంచేశారు. నేను కుట్టించే కుర్తీలకి జేబు పెట్టించాలంటేనే దర్జీతో పోట్లాడాలి. ఈ ఫ్లిప్ మడిస్తే పొడుగు తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండదు. చిన్న పర్సులో పడుతుంది, బొడ్డు సంచిలో పడుతుంది. తెరిస్తే 6.9 అంగుళాలు. అమ్మకి అక్షరాలు పెద్దగా కావాలి, ఫోను చిన్నగా కావాలి. రెండూ ఒకేసారి ఇచ్చేది ఇంకేదైనా ఉంటే చెప్పు.

మావయ్య: కొలత సంగతి ఒప్పుకుంటాను. కానీ చిన్నగా మడిచే ఫోను నీ తరం కనిపెట్టిందేం కాదు. 2004లో మోటోరోలా రేజర్ వీ3 అని వచ్చింది. నేను అప్పుడే ఇంకొకడి కొట్లో పనికి కుదిరాను. అల్యూమినియం ఒళ్లు, ఒకే లోహపు రేకులో కోసిన మీటలు, 13.9 మిల్లీమీటర్ల మందం, 95 గ్రాముల బరువు. అంత సన్నగా చెయ్యడానికి యాంటెన్నాని పైనుంచి తీసి కింద గడ్డం దగ్గర పెట్టారు. చేతికొస్తే బల్ల మీద పెట్టబుద్ధయ్యేది కాదు.

మేనకోడలు: చూశావా, నువ్వూ పడ్డావు!

మావయ్య: పడితే కొనాలా? నా జీతం ఏడాది దాచినా అది రాదు. ఇప్పుడు నువ్వు చెప్పే ఫ్లిప్ మడిచినప్పుడు మందం ఎంత?

మేనకోడలు: 13.7.

మావయ్య: ఇరవై ఏళ్లు తిరిగి వచ్చి అదే మందం దగ్గర నిలబడ్డారు. బరువు మాత్రం 188 గ్రాములు, రెట్టింపు.

మేనకోడలు: రేజర్లో వీడియో కాల్ చేసుకున్నావా? మనవడి మొహం చూశావా? బరువు ఎందుకు పెరిగిందో నీకు తెలుసు, ఊరికే అంటున్నావు.

మావయ్య: ఊరికే కాదు. రేజర్‌ని మడిస్తే విరిగేదేం లేదు. పైరేకు వేరు, కిందరేకు వేరు, మధ్యలో కీలు, కీలులోంచి ఒక స్ట్రిప్. ఏళ్లు వాడితే ఆ స్ట్రిప్ అరిగి డిస్‌ప్లే తెల్లబడేది. మూడు నాలుగు వందల పని, గంటలో చేసి ఇచ్చేవాణ్ని. మీ ఫ్లిప్‌లో మడిచేది కీలు ఒక్కటే కాదు, తెరే మడుస్తున్నారు. వెంట్రుకలాంటి గాజు, దాని మీద ప్లాస్టిక్కు పొర. ఆ పొర పీకకూడదు. టెంపర్డ్ గ్లాసు అంటించకూడదు. 2019 ఏప్రిల్లో ఇదే కంపెనీ మొదటి ఫోల్డు ఫోన్లు చూసి రాయమని పత్రికలవాళ్లకి ఇస్తే, కొన్ని రోజుల్లోనే తెరలు పోయాయి. పై పొరని మామూలు స్టిక్కరనుకుని పీకినవాళ్లూ ఉన్నారు. విడుదల ఆపేసి, బాగుచేసుకుని సెప్టెంబరులో అమ్మారు.

మేనకోడలు: అది మొదటిది, ఇది ఏడో తరం. దీనికి ముందొచ్చిన ఫ్లిప్‌లకే 2 లక్షల మడతలు పరీక్షించామని చెప్పారు. రోజుకి 100 సార్లు తెరిచి మూసినా 2,000 రోజులు. అయిదేళ్లు దాటుతుంది. అమ్మ రోజుకి ముప్పైసార్లు తెరుస్తుందేమో.

మావయ్య: ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు? శుభ్రమైన గదిలో, యంత్రం చేత్తో. యంత్రం చేతికి వరిపిండి అంటదు. ఈ ఫోను మీద ఐపీ48 అని రాస్తారు. ఎనిమిదంటే నీళ్లలో పడ్డా తట్టుకుంటుంది, అదీ మంచినీళ్లే. ముందున్న నాలుగు గురించి షోరూములో ఎవడూ నోరెత్తడు. ఒక మిల్లీమీటరు కన్నా పెద్దవి లోపలికి పోవు అని దానర్థం. దుమ్ము ఆగుతుందని కాదు. పిండి రేణువు మిల్లీమీటరు ఉంటుందా? ఓడలరేవు ఇసుక ఉంటుందా? గిన్నెల్లో పడినా బతుకుతుంది గానీ, పిండి చేత్తో తెరిస్తే కీలు దగ్గర కరకరమంటుంది. అక్కకి నీళ్లకన్నా పిండే దగ్గర.

(ఈ మాట దగ్గర ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. నేనూ నా పాత ఫోను ఒంటిని ఒకసారి తడిమి చూసుకున్నాను. కొనేటప్పుడు ఆ రెండంకెలు చదివే మనిషి ఎక్కడున్నాడు? కెమెరా పక్కన రాసిన మెగాపిక్సెల్ మాత్రం నోటికొస్తుంది.)

మేనకోడలు: సరే, పిండి ఉంది. ఇప్పుడు అమ్మ వంటింట్లో ఎలా మాట్లాడుతుందో చెప్తాను విను. డాలస్ నుంచి అన్నయ్య చేసేది మనకి పొద్దున్న ఏడింటికి, అప్పుడే కూర తరుగుతుంటుంది. ఫోనుని పోపుల డబ్బాకి ఆనించి నిలబెడుతుంది. అది జారుతుంది. మనవడికి నానమ్మ గడ్డం, సీలింగు ఫ్యాను తప్ప ఏం కనపడవు. ఫ్లిప్‌ని సగం మడిస్తే దానంతట అదే కూర్చుంటుంది. పై సగంలో మొహం, కింది సగం బల్ల మీద. అప్పుడు పిండి చేత్తో ముట్టుకోవాల్సిన పనే లేదు. సోకు కోసం పెట్టిన మడత అంటావు నువ్వు. అదే మడత వంటింట్లో పనిముట్టు అవుతోంది.

మావయ్య: యాభై రూపాయల స్టాండు కొనివ్వు.

మేనకోడలు: కొనిచ్చాను. అది అటక మీద ఉంది. వేరే వస్తువు ఏదైనా ఇంట్లో వెతుక్కోవాలి మావయ్యా. ఫోనులోనే ఉన్నదాన్ని వెతకక్కర్లేదు.

మావయ్య: బాగానే వాదిస్తున్నావు. ఇప్పుడు నా లెక్క విను. నా బల్ల మీదకి ఏ ఫోనొచ్చినా, అది ఏమేం ఇస్తుందన్నది పెట్టె మీద రాసే ఉంటుంది, అది నాకు అక్కర్లేదు. మనిషిని అది ఏమేం అడుగుతుందో చూస్తాను. ఈ ఫ్లిప్ తెరవడానికి రెండు చేతులు అడుగుతుంది. గోరు పెంచినవాళ్లకి ఆ సందులో వేలు దూరదు. పొడి చేతులు అడుగుతుంది. పెద్ద ఊరు అడుగుతుంది. లోపలి తెర పోతే ముమ్మిడివరంలో ఎవడూ ముట్టుకోడు, నేనూ ముట్టుకోను. కంపెనీ సర్వీసు సెంటరుకే పోవాలి. మామూలు ఫోనుకైతే తెరా అద్దం కలిసిన కాంబో పోయినా ఒరిజినలో కాపీయో నా దగ్గర దొరుకుతుంది. దీనికి కాపీ వేసుకునే ధైర్యం ఎవరికీ లేదు. ఆ లోపలి తెర ఖర్చుతో ఒక మంచి మామూలు ఫోను కొనుక్కోవచ్చు. అడగకుండా ఇంకోటి కూడా అడుగుతుంది. ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నారు గదా, మడతా ఏడేళ్లూ ఉండాలి. ఉంటుందని రాసిచ్చారా?

మేనకోడలు: మామూలు ఫోను ఏమీ అడగదా? పౌచ్ అడుగుతుంది, టెంపర్డ్ గ్లాసు అడుగుతుంది, స్టాండు అడుగుతుంది, ప్యాంటు జేబు అడుగుతుంది. వాటికి మనం అలవాటుపడ్డాం, అందుకే అడిగినట్టు తెలీదు. నీ కొట్టు అద్దె కట్టేది ఆ గ్లాసుల మీదే!

మావయ్య: (నవ్వి) అద్దె గ్లాసుల మీద, కరెంటు బిల్లు పౌచుల మీద.

మేనకోడలు: ఇంకో సంగతి. అందంగా ఉంటే పనికిరాదు, మొద్దుగా ఉంటే మన్నుతుంది అని నీకు లోపల ఒకటి నాటుకుపోయింది.

మావయ్య: నాటుకుంది, ఎందుకు నాటుకోదు? రెండూ చూసినవాణ్ని. 2003లో నోకియా 1100 వచ్చింది. దుమ్ము చొరబడని మీటలు, తడి చేతికి జారని అంచులు, నెత్తిన టార్చి. కరెంటు లేని ఊళ్లో మనుషులు ఎలా బతుకుతారో చూసి చేసిన ఫోను. 25 కోట్లు అమ్ముడుపోయింది. మరుసటేడు అదే కంపెనీ 7280 అని లిప్‌స్టిక్కు ఆకారంలో ఒకటి తెచ్చింది. దానికి అంకెల మీటలే లేవు. ఒక చక్రం తిప్పి ఒక్కో అంకె ఏరుకోవాలి. ఫోను నంబరు కొట్టలేని ఫోను! చేసినవాళ్లు దాన్ని చేతిలో పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు తప్ప, దాంతో పదంకెలు కొట్టి చూడలేదు.

మేనకోడలు: 7280ని నేను వెనకేసుకురాను. అది నగ. కానీ 1100 గురించి నువ్వు సగమే చెప్పావు. దాని పైతొడుగు ఊడదీసి వేరే రంగుది వేసుకునేవాళ్లు. ఫుట్‌పాత్ మీద ఎర్రవి, నీలివి, పూలవి వేలాడదీసి అమ్మేవాళ్లు. కొనేది ఎవరు? తాపీమేస్త్రీలు, కూరగాయల బండివాళ్లు, కాలేజీ పిల్లలు. టార్చి ఉంది చాలు అనుకుంటే ఆ తొడుగులు ఎవరు కొన్నట్టు? పనికొచ్చేది చేతికిచ్చాక కూడా దానికి రంగు పూసుకోవాలని ఉంటుంది మనిషికి. అది మిగతావాళ్లకేనా, అమ్మకి ఉండకూడదా?

(అక్కడ నాకు మోటోరోలా సంగతి చెప్పాలనిపించి కల్పించుకున్నాను. రేజర్‌ని మొదట డబ్బున్నవాళ్ల నగగానే తెచ్చారు. ధర తగ్గించగానే అది అందరి చేతుల్లోకీ వెళ్లింది. ఆ వరసలో 13 కోట్ల పైచిలుకు ఫోన్లు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత కంపెనీ కొన్నేళ్లపాటు అదే సన్నదనాన్ని రంగులు మార్చి అమ్ముకుంటూ కూర్చుంది. 2007లో ఐఫోన్ వచ్చేసరికి చేతిలో కొత్తదేమీ లేదు. సోకు ఫోను జనానికి సరిపోకపోవడం వల్ల కాదు, సరిపోయిందని అక్కడే ఆగిపోవడం వల్ల దెబ్బతింది. ఇద్దరూ విని, ఈయన మన పార్టీయే అని ఎవరికి వాళ్లు తలూపారు.)

మావయ్య: సార్ చెప్పింది వ్యాపారం. నేను చెప్పేది మనుషులు. ఒక ఆటో అబ్బాయి వచ్చాడు నా దగ్గరికి, సెకండ్ హ్యాండులో మడత ఫోను కావాలని. వద్దురా అన్నాను. ఎండలో హ్యాండిలుకి తగిలిస్తావు, వేడికి కాగుతుంది, ప్రతి బేరానికీ తియ్యాలి ముయ్యాలి, బ్యాటరీ చాలదు అని చెప్పాను. పదిహేను వేల ఫోన్లలోనే 5,000 ఎంఏహెచ్ ఉంటోంది, ఈ కొత్త ఫ్లిప్‌లో కూడా 4,300. వినలేదు. వేరేచోట కొన్నాడు. వర్షాకాలం రాకుండానే మడత మీద నల్లగీత.

మేనకోడలు: తర్వాత?

మావయ్య: తర్వాతేముంది, సగం తెర పోయింది. పైన చిన్న తెర మీద కాల్సు మాట్లాడుకుంటున్నాడు.

మేనకోడలు: కొన్నందుకు బాధపడ్డాడా?

మావయ్య: (కాసేపాగి) లేదు. అదే నాకు అర్థం కాదు. స్టాండులో అందరూ చుట్టూ చేరి చూసిన ఆ పదిహేను రోజులు చెప్తాడు ఇప్పటికీ. ఎవరో ఆఫీసరుగారు ఆటో ఎక్కి, ఏ ఫోనండీ అది, ఎంతండీ అని అడిగాడట. అండీ అన్నాడని చెప్తాడు.

మేనకోడలు: మరి నీకెందుకు అర్థం కాదు? రోజంతా ఏయ్ ఆటో అని పిలిపించుకునేవాడు. వాడికి ఆ అండీ ధర ఎంతో నువ్వు ఎలా లెక్కేస్తావు? సూటవుతుందా కాదా అని నువ్వు చెప్పే ప్రతి మాటలోనూ ఇంకో మాట దాక్కుంటోంది మావయ్యా. పెద్ద ఊళ్లో, ఏసీలో, పొడి చేతులతో ఉండేవాళ్లకే అందమైన వస్తువు, మిగతావాళ్లకి గట్టి వస్తువు. ఫోను ఏమడుగుతుందో చెప్పడం నీ పని, ఒప్పుకుంటాను. ఎవరు అడగొచ్చో చెప్పడం నీ పని కాదు.

మావయ్య: ఆ గీత పడ్డ ఫోను పట్టుకుని నా ముందు నిలబడేది నువ్వు కాదు. అప్పుడు చూడాలి మొహాలు. ఆటోవాడిది ఈఎంఐ. ఫోను పోయాక కూడా ఆరు నెలలు కట్టాడు. అండీకి ఆరు వాయిదాలు. సరే, నువ్వన్నట్టే వాడికి గిట్టిందనుకో. ఇంట్లో ఫీజు కట్టాల్సిన పిల్ల ఉంది, ఆ పిల్లకి గిట్టిందా?

మేనకోడలు: ...

మావయ్య: చెప్పవేం?

మేనకోడలు: ఆలోచిస్తున్నాను. వాడి పిల్ల సంగతి వాడికి నీకన్నా తెలుసు అనాలని ఉంది. కానీ అది జవాబు కాదు.

(ఇది ఈ వాదం మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు. ఇక్కడే ఇద్దరూ ఒకరినొకరు వినడం మొదలుపెట్టారు. తర్వాత కాసేపు ఎవరికి ఏ ఫోనన్నది చకచకా తేలిపోయింది.)

మావయ్య: పెళ్లిళ్లలో రీల్సు తీసే కుర్రాడొస్తే నేనే కొనమంటాను. మూసి పట్టుకుంటే పై తెరలో తన మొహం చూసుకుంటూ వెనక పెద్ద కెమెరాతోనే తీసుకోవచ్చు. నేల మీద కూర్చోబెట్టి తీసుకోవచ్చు.

మేనకోడలు: దూరంనుంచి తాళి కట్టేది తియ్యాలంటే? దీనికి జూము లెన్సు లేదు.

మావయ్య: అయితే కుర్రాడికి కూడా సగమే. చదువుకునే పిల్లలకి వద్దు. అంత డబ్బుకి మంచి ల్యాప్‌టాపు వస్తుంది. తిండి డెలివరీవాళ్లకి అసలొద్దు, ఒంటిచేత్తో వాడాలి.

మేనకోడలు: సన్నఫోన్లో? ఐఫోన్ ఎయిర్ ఉంది. 5.6 మిల్లీమీటర్లు, 165 గ్రాములు. మా ఆఫీసులో ఒకామె మణికట్టు నొప్పితో అదే కొనుక్కుంది. తేలిగ్గా ఉందని మురిసిపోతోంది.

మావయ్య: ఆవిడకి సరే. అందులో సిమ్ము వేసే చోటే లేదు, ఈ-సిమ్మే. వెనక ఒక్కటే కెమెరా. లక్షా ఇరవై వేలు. మన లారీ డ్రైవర్లు రాష్ట్రం దాటగానే అక్కడి సిగ్నల్ చూసుకుని సిమ్ములు మార్చుకుంటారు, ఫోను పాడైతే సిమ్ము పీకి క్లీనరు ఫోనులో వేసుకుంటారు. వాళ్లకి ఆ ఫోను ఒట్టి పలక. అదే డాలస్ వెళ్లొచ్చే మీ అన్నయ్యకి విమానం దిగకుండానే నంబరు వచ్చేస్తుంది, వరం.

మేనకోడలు: అంటే ఒకరికి లోటు, ఇంకొకరికి వరం.

మావయ్య: అక్క సంగతి తేల్చు ముందు. ఇంకొకటి మర్చిపోయావు. వేలిముద్ర మీట పక్కన ఉంది. ముప్పై ఏళ్లు అంట్లు తోమిన వేళ్లు. రేషన్ మెషీను మీదే పడవు ఆవిడ ముద్రలు.

మేనకోడలు: పిన్ను పెట్టుకుంటుంది. పైన నాలుగంగుళాల తెర ఉందిగా, మూసే ఉంచి ఎవరు చేశారో చూసుకుంటుంది. అసలు మనిద్దరం ఎందుకు కొట్టుకోవడం, అమ్మకే చేస్తాను.

(స్పీకరులో పెట్టింది. వెనక ఎవరో ఆడవాళ్ల మాటలు, కుర్చీ లాగిన చప్పుడు. ఆవిడ డ్వాక్రా సంఘానికి లీడరట, మీటింగులో ఉంది. మడత ఫోను సంగతి అమ్మాయి చెప్పింది, ధర మాత్రం మింగేసింది.)

అమ్మ: మూస్తే ఫోను కట్టవుతుందా?

మావయ్య: అవుతుందక్కా, అలా పెట్టిస్తాను.

అమ్మ: ఇప్పుడున్నది ఎర్ర బొత్తాం నొక్కినా కట్టవదు, నేను మాట్లాడేదంతా అవతలివాళ్లు వింటారు. తీర్మానం పుస్తకం ఫొటో తీస్తే అక్షరాలు తెలుస్తాయా? బ్యాంకువాళ్లకి పంపాలి.

మేనకోడలు: బాగా తెలుస్తాయమ్మా.

అమ్మ: ఎంతేంటి అది?

మేనకోడలు: ఎంతైతే ఏంటమ్మా, నేను కొంటున్నాను కదా.

అమ్మ: అంటే ఎక్కువే. వద్దులే. బాగోలేక కాదు. ఈ నెల ఇద్దరు వాయిదా కట్టలేదు. వాళ్ల గుమ్మంలోకి వెళ్లి అడగాల్సింది నేను. చేతిలో అలాంటిది తెరుస్తూ మూస్తూ అడిగితే నోరు తెరిచి ఏమీ అనరు గానీ, లోపల అనుకుంటారు. ఉంటాను, ఇక్కడ లెక్కలు చూస్తున్నాం.

(ఫోను కట్టయింది. నిజానికి కట్టవలేదు, కుర్చీల చప్పుడు ఇంకా వినిపిస్తోంది. అమ్మాయే ఇటునుంచి కట్ చేసింది. ఇంతసేపూ బరువు, మందం, బ్యాటరీ, పిండి, ఇసుక అన్నీ తూచిన మా ముగ్గురికీ ఈ తూకంరాయి తట్టలేదు. చేతిలో ఫోను చూసేవాళ్లకీ ఏదో చెబుతుంది. పెళ్లికి వెళ్లినప్పుడు మెచ్చుకునేది, బాకీ అడగడానికి వెళ్లినప్పుడు అడ్డం పడొచ్చు.)

మేనకోడలు: విన్నావుగా. నువ్వే గెలిచావు.

మావయ్య: నేనెక్కడ గెలిచాను? నేను చెప్పిన ఒక్క కారణం కూడా చెప్పలేదు ఆవిడ. ఊళ్లో మా బావ బుల్లెట్టు బండి మీద తిరుగుతాడు. ఆయనా వడ్డీ డబ్బులు అడగడానికి దాని మీదే వెళ్తాడు. లోపల ఏమనుకుంటారో అని ఒక్కనాడన్నా దిగి నడిచి వెళ్లాడా?

మేనకోడలు: ఏంటి మావయ్యా, ప్లేటు తిప్పావు?

మావయ్య: తిప్పలేదు. పిండి వల్ల వద్దంటే సరే. సర్వీసు సెంటరు లేదని వద్దంటే సరే. ఎవరో ఏదో అనుకుంటారని వద్దంటే మాత్రం నాకు మింగుడుపడదు. అక్క పెళ్లప్పుడు కూడా అంతే, పచ్చ రంగు పట్టుచీర ఇష్టమై, అత్తవారు ఏమనుకుంటారోనని బులుగు తీసుకుంది.

మేనకోడలు: కానీ నువ్వు ఒకటి చూడు. బావగారు, అంటే మా నాన్న, వడ్డీకి అడుగుతాడు, వాళ్లు భయపడితేనే ఆయన పని అవుతుంది. అమ్మ సంఘంలో తోటిమనిషిగా అడుగుతుంది. వాళ్లలో ఒకతి అనిపించుకుంటేనే పని అవుతుంది. అది భయం కాదేమో. తన పని తనకి తెలిసి చెప్పింది. నేనే ఇప్పటిదాకా ఆటోవాడికి అండీ కావాలని వాదించాను. అమ్మకి ఆ అండీయే వద్దు.

మావయ్య: అంటే కొనవా?

మేనకోడలు: కొనకూడదేమో అనిపిస్తోంది.

మావయ్య: నేను కొందామంటుంటే నువ్వు వద్దంటావేంటే!

మేనకోడలు: సంఘానికి పాతది, ఇంట్లోకి ఇది అని రెండు పెట్టుకుంటే?

మావయ్య: రెండు ఫోన్లు చూసుకునే ఓపికుంటే అద్దం మీద టేపు వేసుకుని ఏడాది ఎందుకు తిరుగుతుంది? ఒకటే ఉండాలి. నా మాట విను. పండక్కి వచ్చినప్పుడు షోరూముకి తీసుకురా. చేతికిద్దాం. కూర్చుని కాదు, నిలబడి, సంచీ ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తెరవమందాం. అక్కడున్న కుర్రాణ్ని మాత్రం మాట్లాడనివ్వకూడదు. తెరవగలిగితే అప్పుడు ధర చెప్పు. ధర విన్నాక కూడా మూసి మళ్లీ తెరిచిందనుకో, సంఘం సంగతి ఆవిడే చూసుకుంటుంది.

మేనకోడలు: తెరవలేకపోతే?

మావయ్య: పద్దెనిమిది వేల ఫోను నేనే ఇస్తాను, గ్లాసు వేసి. మిగిలిన డబ్బు నీ దగ్గరే ఉంచు. రంగు మాత్రం ఆవిడ్ని ఏరుకోనియ్యి. నలుపు నాకు అంటగట్టకు, కొట్లో అవే మిగిలిపోతున్నాయి.